మీకెంతమంది పిల్లలండీ?

రైల్లో ఎదుటి సీటులో కూర్చున్నావిడ మన పేరు అడగడానికి ముందే పిల్లలెంతమందని అడగడం మన దేశాచారం. ఒక్కడే అంటే "అయ్యో, ఒక్కడేనా?" అంటుంది. నలుగురంటే "అమ్మో, నలుగురే!" అంటుంది. దేనికీ నొచ్చుకోకుండా నవ్వేసి, ఆవిడ పిల్లల లెక్క మనం అడగడం మర్యాద. అలాంటి దేశం నుంచి వెళ్ళిన నన్ను జర్మనీలో పద్దెనిమిది రోజులపాటు ఒక్క ప్రాణి కూడా ఒక్క సొంత ప్రశ్న వెయ్యలేదు. రైల్లో ఎవరి పుస్తకం వారిది, ఎవరి కిటికీ వారిది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకు కాస్త చిన్నతనంగానే ఉండేది. ఇంతమందిలో ఒక్కరికైనా నేను ఎవరినో, ఎందుకొచ్చానో తెలుసుకోవాలని లేదా అని.

పంతొమ్మిదోనాడు ఒక కొండమీది పల్లెటూళ్ళో, బొమ్మల కొట్టు నడిపే ఒక పెద్దావిడ, నేను లోపలికి అడుగుపెట్టి అయిదు నిమిషాలు కాకుండానే అడిగేసింది - "మీకెంతమంది పిల్లలండీ?" అని.

ప్రాణం లేచొచ్చింది నాకు. ఆ తర్వాత ఆవిడ ఇంకో ప్రశ్న కూడా అడిగింది. దానికి నేను చెప్పిన జవాబు మాత్రం ఇప్పటికీ నాకే గుచ్చుకుంటోంది. ఆ గుచ్చుకోవడం గురించి చెబుదామనే ఇదంతా.

మా అబ్బాయి కెమ్నిట్స్ అనే ఊళ్ళో చదువుకుంటున్నాడు. కంప్యూటర్ల చదువే. అంతకన్నా వివరంగా అడిగితే వాడు విసుక్కుంటాడు, విసుక్కోకుండా చెప్పినా బి.ఏ. చదివిన నా బుర్రకి ఎక్కదు. 2023 డిసెంబరులో వాడి దగ్గరకి వెళ్ళాను. మావారికి సెలవు దొరకలేదు. దొరికినా ఆ చలికి ఆయన రారు.

కెమ్నిట్స్‌కి 1953 నుంచి 1990 దాకా కార్ల్ మార్క్స్ పేరుండేది. ఆ తర్వాత పేరైతే తీసేశారు గాని తల తియ్యలేదు. నడివీధిలో ఏడు మీటర్ల ఎత్తున మార్క్స్ తల, 1971లో పెట్టింది, ఇంకా అలాగే కనుబొమలు ముడిచి చూస్తూ ఉంది. మెడా భుజాలూ లేని ఉత్త తల. మా పుట్టింటివైపు ఎర్రజెండాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి, తెలిసినవారెవరూ లేని ఆ ఊళ్ళో ఆ గడ్డం చూడగానే మేనమామ ఎదురైనట్టే అనిపించింది. "అమ్మా, అలా చేతులు జోడించకు, అందరూ చూస్తున్నారు" అన్నాడు మావాడు.

ఆ ఊరికి దక్షిణంగా కొండలు. వాటి పేరే ఎర్ట్స్‌గెబిర్గె. అంటే ఖనిజాల కొండలు. కొండలకు ఇవతల జర్మనీ, అవతల చెక్ దేశం. 1168 ప్రాంతంలో ఫ్రైబర్గ్ దగ్గర వెండి బయటపడింది మొదలు ఎనిమిది వందల ఏళ్ళు ఆ కొండలను తవ్వుతూనే ఉన్నారు. మనవాళ్ళు "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు" అని వెక్కిరిస్తారు గాని, వీళ్ళు పట్టినవి మామూలు ఎలుకలు కావు. అవతలివైపు యోఆఖిమ్‌స్టాల్ అనే ఊళ్ళో దొరికిన వెండితో కొట్టిన నాణేన్ని ఊరి పేరుతోనే థాలర్ అన్నారు. మన పిల్లలు రెక్కలు కట్టుకుని ఎగిరిపోయేది దేనికోసమో, ఆ డాలరు పేరు పుట్టింది ఆ మాటలోంచే. మేరీ క్యూరీ 1898లో రేడియం కనిపెట్టిందీ ఆ ఊరి గనుల రాతిలోంచే. గనుల చదువుకోసం ఫ్రైబర్గ్‌లో 1765లో పెట్టిన కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. 2019లో రెండు దేశాల్లోని ఈ గనుల సీమనంతా యునెస్కోవారు ప్రపంచ వారసత్వంగా ప్రకటించారు. ఇదంతా రైల్లో మావాడు ఫోను చూసి చదివి వినిపించాడు. ఓల్బర్న్‌హౌ అనే ఊళ్ళో రైలు దిగి, బస్సెక్కి, మెలికలు తిరిగే దారిలో పైకి పోతే వచ్చింది సైఫెన్.

సుమారు రెండువేల జనాభా ఉన్న ఊరు. ఒకటే పెద్ద వీధి, లోయలోంచి కొండమీదకి పాకినట్టు. మోకాలి లోతు మంచు. బస్సు దిగగానే నన్ను ముందుగా పలకరించింది ఒక వాసన. అచ్చంగా శుక్రవారం సాయంత్రం మా అమ్మ ఇల్లంతా తిప్పే సాంబ్రాణి వాసన! ఇదేమిట్రా అని చుట్టూ చూస్తే, ప్రతి కొట్టు ముందూ నోట్లో పైపు పెట్టుకున్న చెక్కబొమ్మ ఒకటి కూర్చుని పొగ వదులుతోంది. బొమ్మ బోలు. కడుపులో చిటికెన వేలు కొసంత ధూపపుబిళ్ళ వెలిగించి పెడితే పొగ నోట్లోంచి వస్తుంది. బొగ్గుపొడీ, సాంబ్రాణీ కలిపి చేస్తారట ఆ బిళ్ళల్ని. దేవుడికి వెయ్యాల్సిన ధూపం పొగతాగే ముసలాడికి వేశారేమిటా అనుకున్నాను గాని, వాసనకి మాత్రం కళ్ళు చెమర్చాయి. చలికి అనుకున్నాడు మావాడు.

ఊరినిండా బొమ్మల కొట్లే. కాని ఇది బొమ్మల ఊరుగా పుట్టలేదు. తగరపు ఊరుగా పుట్టింది. తగరమంటే మన చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్ళు తెచ్చే ఆ తెల్లటి లోహమే. కొండవాగుల్లో ఇసుకనీ మట్టినీ నీళ్ళతో కడిగి, తేలికది కొట్టుకుపోతే అడుగున మిగిలిన బరువైన ఖనిజాన్ని ఏరుకునేవారు. మనం బియ్యంలో రాళ్ళు గాలిస్తామే, అదే పని, కాకపోతే వీళ్ళు రాళ్ళు దాచుకుని మిగతాది పారబోస్తారు. ఆ గాలించడాన్నే వాళ్ళ భాషలో సైఫెన్ అన్నారు, ఊరికీ అదే పేరైంది. 1324 నాటి కాగితాల్లోనే ఆ పేరు కనిపిస్తుంది. వాగులో దొరికేది తరిగాక కొండలోకి దిగారు. ఊళ్ళో ఇళ్ళ మధ్య ఇప్పటికీ పెద్ద పెద్ద గుంతలు ఉన్నాయి, నేల మీది నుంచి తవ్వీ, కింద తవ్వింది కూలీ ఏర్పడినవి. ఒక గుంతలోనైతే వేసవిలో నాటకాలూ పాటకచేరీలూ పెట్టుకుంటారట. గుంత అంచున నిలబడి తొంగిచూస్తే చెట్లమీద మంచు తప్ప ఏమీ కనబడలేదు. అయినా ఎందుకో నాకు కాళ్ళు వణికాయి. ఎందుకో కాదు లెండి, నాకు తెలుసు. తర్వాత చెబుతాను.

తగరం రానురాను తగ్గిపోయింది. 1849లో గనులు పూర్తిగా మూతపడ్డాయి. కాని జనం అప్పటిదాకా చేతులు కట్టుకు కూర్చోలేదు. రాబడి చాలని రోజుల్లోనే చలికాలం ఇంటిపట్టున చెక్క గిన్నెలూ, బొత్తాలూ, గరిటెలూ తిప్పుకునేవారు. భూమి చెయ్యిచ్చాక ఆ పక్కవృత్తే అసలు వృత్తైంది. చుట్టూ అడవి, వాగులో నీళ్ళు. ఖనిజపు రాతిని పిండి కొట్టడానికి తిరిగిన నీటిచక్రం చెక్కను తిప్పడానికీ తిరుగుతుంది కదా!

ఊరి చివర పాత ఇళ్ళన్నీ చేర్చి పెట్టిన ప్రదర్శనశాలలో నీటిచక్రంతో నడిచే పాతకాలపు కార్ఖానా ఒకటుంది. అక్కడ చూసింది నేను బతికుండగా మరిచిపోను. దేవదారు జాతి చెట్టు మాను, గుండ్రంగా కోసిన ముక్క. బాగా తడిసి నానిన చెక్క అది. ఎండితే పగులుతుందట. దాన్ని లేత్ మీద బిగించి, ఒకాయన మూరెడు పొడుగు ఉలి ఆనించాడు. పచ్చి చెక్క పొట్టు రిబ్బన్లలా ఎగిరి ఆయన మోచేతుల మీద, నా చెప్పుల మీద పడింది. ఒకచోట గాడి, ఒకచోట గుబ్బ, ఒకచోట సన్నటి గీత. అటు తిప్పి మళ్ళీ అదే. పది నిమిషాలకి చేతికి వచ్చింది ఒక కంకణం. మన ఆడపిల్లల గాజుల పెట్టెలో పడేస్తే పెద్ద గాజనుకుంటాం, అంతే. "ఇదేనా?" అన్నాను మావాడితో. ఆయనకి నా భాష రాకపోయినా ముఖం చదవడం వచ్చు. కత్తి పెట్టి, ఆ కంకణాన్ని దిల్‌పసంద్ ముక్క కోసినట్టు ఒక దెబ్బ కొట్టాడు. పక్కనే ఇంకో దెబ్బ. ఊడివచ్చిన ముక్క నా అరచేతిలో పెట్టాడు.

గుర్రం!

మెడ ఉంది, నడుం ఉంది, నాలుగు కాళ్ళూ ఉన్నాయి. ఆ కంకణం పొడుగునా గుర్రాలే, ఒకదానికొకటి అతుక్కుని నిద్రపోతున్నట్టు. చెక్క తిరుగుతున్నంతసేపూ గుర్రం ఆయనకి కూడా కనబడదు. కంకణం కోసినప్పుడే బయటపడుతుంది. గాడి ఒక వెంట్రుకవాసి లోతైతే ఆ మందకంతటికీ కాళ్ళు కుంటే. ఒక్కో వాక్యం రాసి, చూసుకుని, కొట్టేసి మళ్ళీ రాసుకునే నాకు ఆ మనిషి ధైర్యం చూస్తే దడ పుట్టింది. 1800 ప్రాంతాల్లో ఈ చుట్టుపక్కలే పుట్టిన విద్య ఇది. ఇప్పుడు చేతనైనవాళ్ళు చాలా కొద్దిమంది. మన ఏటికొప్పాకలో అంకుడుకర్రను లేత్ మీద తిప్పి లక్క పూసేవాళ్ళను చూశాను. వాళ్ళ చేతుల్లో బొమ్మ కళ్ళెదుటే పెరుగుతుంది. ఇక్కడ బొమ్మ చీకట్లో పెరుగుతోంది.

ఇంత ఉపాయం ఎందుకు కనిపెట్టారంటే ముచ్చటకి కాదు. చవగ్గా చెయ్యడానికి. ఆ సంగతి 1953లో పెట్టిన బొమ్మల మ్యూజియంలో తెలిసింది. గాజు పెట్టెల్లో నోవా ఓడలున్నాయి. ఓడ నిండా జంటలు జంటలుగా జంతువులు, ఏనుగు మొదలుకొని చీమంత పిట్ట దాకా. ఆదివారం ఆటలు కూడదని ఆంక్ష పెట్టుకున్న ఇంగ్లీషువారి ఇళ్ళలో కూడా ఈ ఓడకి మాత్రం మినహాయింపుండేది, బైబిలు కథ కనుక. ఆ ఓడల్లో జంతువులన్నీ ఇలాంటి కంకణాల ముక్కలే. తిప్పేది మగవాడు. కోసిన ముక్కకి చెవులూ తోకా అతికించి, అంచులు చెక్కి, రంగులు వేసేది ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ. డజన్ల లెక్కన బేరం. ధర కట్టేది న్యూరెంబర్గ్ లాంటి దూరపు ఊళ్ళ వర్తకులు. ఒకే గదిలో వంటా, పడకా, రంగుల గిన్నెలూ, మధ్యన బల్ల చుట్టూ బడి నుంచి వచ్చిన పిల్లలు. ఇంకెక్కడో పిల్లలు ఆడుకోవడానికి ఈ పిల్లలు ఆట మానుకుని కళ్ళు పెట్టేవారు. జీబ్రాకి చారలు వెయ్యడం ఎంత కష్టమో ఆలోచించండి, అందులోనూ అది బొటనవేలంత ఉన్నప్పుడు. అగ్గిపెట్టెలో పట్టే ఊరిబొమ్మలు కూడా చూశాను. ఇల్లూ, గుడీ, చెట్లూ, మనుషులూ అన్నీ అగ్గిపెట్టెలోనే. పరదేశాల్లో సుంకం బరువును బట్టి వేసేవారు కాబట్టి బొమ్మలు అంత చిన్నవయ్యాయని చెబుతారు. నేను మురిసిపోతూ చూసినవాటికి ఇలాంటి కారణాలే దొరుకుతూ వచ్చాయి.

అక్కసు తీర్చుకోవడం కూడా బొమ్మల్లోనే. వాల్‌నట్లు పగలగొట్టే బొమ్మ చూసే ఉంటారు, పెద్ద నోరు, తెల్లటి పళ్ళు, నెత్తిన కిరీటం. 1870 ప్రాంతంలో ఆ బొమ్మకి ఇప్పటి రూపం ఇచ్చిన విల్‌హెల్మ్ ఫ్యుఖ్ట్‌నర్‌ది ఈ ఊరే. ఆ కుటుంబం వాళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు. ఆ బొమ్మలు రాజు, సిపాయి, పోలీసు - ఎప్పుడూ అధికారంలో ఉన్నవాళ్ళే. ఏడాదంతా వాళ్ళ మాట తల వంచుకుని విని, పండక్కి వాళ్ళ నోట్లోనే గట్టి కాయ పెట్టి కటుక్కుమనిపించడం. ఎంత హాయి! తర్వాత తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చి, 1972లో ప్రైవేటు కార్ఖానాలను కలిపేసుకుంది. చేసిన బొమ్మల్లో చాలా భాగం విదేశీమారకం కోసం బయటికే పోయేవి. 1990 తర్వాత మళ్ళీ కుటుంబాల పేర్లు బోర్డుల మీదకి వచ్చాయి.

మ్యూజియంలోంచి బయటికి వచ్చేసరికి నాలుగు గంటలు. అప్పుడే చీకటి. కొండమీద 1779లో కట్టిన ఎనిమిది మూలల చర్చి ఉంది. ఊళ్ళోని బొమ్మల్లో సగంమందికి వెనకాల నిలబడేది ఈ చర్చే. దాని గంటలు మోగుతున్నాయి. వీధి దీపాలు పెద్దగా లేవు, అవసరమూ లేదు. ప్రతి ఇంటి ప్రతి కిటికీలోనూ వెలుగే. అర్ధచంద్రాకారంలో చెక్క కమాను, దాని మీద వరసగా దీపాలు. అదొక్కటే కాదు, కమాను కింద బొమ్మలు కూడా. ఇద్దరు గనిపనివాళ్ళు, ఒక చెక్కబొమ్మలు చెక్కేవాడు, ఒక లేసు అల్లే ఆవిడ. ఎక్కువగా కనబడే ఈ చిత్రాన్ని 1937లో పౌలా యోర్డాన్ అనే ఆవిడ వేసింది, ష్వార్జెన్‌బర్గ్ ఊళ్ళో జరిగిన ప్రదర్శన కోసం. 1937 అంటే జర్మనీలో ఎలాంటి రోజులో మీకు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆవిడ వేసింది సైనికుల్ని కాదు, కష్టం చేసుకునేవాళ్ళని. అందులో ఒక ఆడమనిషినీ కూర్చోబెట్టింది.

ఈ దీపాల పిచ్చి ఎందుకంటే - చలికాలం గనివాడు తెల్లవారకముందే లోపలికి దిగుతాడు, పొద్దుగూకాక పైకి వస్తాడు. నెలల తరబడి ఎండ మొహం చూడడు. పండగముందు ఆఖరి షిఫ్టు మాత్రం కాస్త ముందుగా ముగించి, అందరూ కలిసి పాడుకుని, తిని, దీపాలు పట్టుకుని ఇళ్ళకి వెళ్ళేవారు. ఇంటివాళ్ళు కిటికీలో దీపం పెట్టి ఎదురుచూసేవారు. గనులు పోయి నూట డెబ్భయి ఏళ్ళు దాటినా, కిటికీలు ఎదురుచూడటం మానలేదు.

ఆ వెలుగులోనే ఆ కొట్లోకి వెళ్ళాను. చిన్న కొట్టు. వెనక గదిలోంచి రంపపు చప్పుడు. బల్లమీద రెండు రకాల బొమ్మలు వరసలు తీరి ఉన్నాయి. ఒకటి రెక్కలున్న దేవకన్య, తెల్లగౌను, నెత్తిన కిరీటం. రెండోది గనివాడు, నల్లకోటు, పొడుగు టోపీ. ఇద్దరికీ చెరో చేతిలో ఒక్కో కొవ్వొత్తి. గనివాడికి నడుం వెనక ఒక తోలుముక్క వేలాడుతోంది, ఏప్రన్ తిరగేసి కట్టుకున్నట్టు. ఇదేమి అలంకారమో అనుకున్నాను. అప్పుడడిగింది కొట్టావిడ, పిల్లలెంతమందని.

ఒక్కడే అన్నాను, పక్కనున్నవాణ్ణి చూపించి. ఆవిడ అయ్యో అనలేదు. ఒక గనివాణ్ణి తీసి నా ముందు పెట్టింది. ఈ సీమ ఆచారమట, ఇంట్లో ఎంతమంది మగపిల్లలుంటే కిటికీలో అంతమంది గనివాళ్ళు, ఎంతమంది ఆడపిల్లలుంటే అంతమంది దేవకన్యలు. వీధిలో పోయేవాళ్ళకి ఇంటి లెక్క తెలిసిపోతుంది. "అదీ సంగతి! అడగక్కర్లేకుండా కిటికీలోనే చెప్పేస్తారన్నమాట" అని నేను నవ్వాను. మావాడు ఆ గనివాణ్ణి చేతిలోకి తీసుకుని, "నాకు పలుగు పట్టుకోవడం కూడా రాదు" అని నవ్వాడు.

నవ్వులయ్యాక ఆవిడ అడిగింది, "మీవైపు కూడా గనులున్నాయా?" అని.

"ఉన్నాయట" అన్నాను.

మీకు తెలియనిదేముంది, తెలుగులో ఆ 'ట' అనే ఒక్క అక్షరం చాలు, మనకి సంబంధం లేదని చెప్పడానికి. ఎవరో అన్నారు, ఎక్కడో విన్నాం, అంతే.

నేను పుట్టి పెరిగింది ఇల్లెందులో. మా ఊరివాళ్ళు బొగ్గుట్ట అంటారు. బొగ్గు కోసం 1880ల చివర్లో అక్కడ తవ్వడం మొదలుపెట్టాకే సింగరేణి అన్న పేరు లోకానికి తెలిసింది. మా నాన్న ఇరవై ఎనిమిదేళ్ళు బొగ్గుబావిలోకి దిగారు. మావైపు గని అనరు, బావి అంటారు, ఇంకా సరిగా చెప్పాలంటే బాయి. "బాయికి పోయిండు", "బాయిల నుంచి వచ్చిండు". ఎంత స్నానం చేసినా ఆయన కళ్ళ అంచుల్లో నల్లటి గీత పోయేది కాదు. చిన్నప్పుడు నాన్న కాటుక పెట్టుకుంటారనుకునేదాన్ని. వేళకాని వేళ సైరన్ మోగితే వాడకట్టులోని ఆడవాళ్ళంతా పొయ్యిమీదవి పొయ్యిమీద వదిలేసి బావివైపు పరుగెత్తేవారు. మా అమ్మ చంకలో చెల్లెలు, చేతికి నేను. ఆ అంచున నిలబడి కిందికి చూడటం నాకు ఆరేళ్ళప్పటి నుంచీ తెలుసు. సైఫెన్‌లో గుంత దగ్గర కాళ్ళు వణికింది అందుకే.

మేం నలుగురం ఆడపిల్లలం. "బాయిల దిగెటోడు ఒక్కడు లేకపాయె" అని చుట్టాలు జాలిపడేవారు. ఆ రోజుల్లో తండ్రి పని కొడుక్కి వచ్చేది, కొడుకు లేకపోతే అల్లుడికి. మా అక్క పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్ల రంగూ అడగలేదు, చదువూ అడగలేదు, కట్నమూ అడగలేదు. "నౌకరి ఇస్తరా?" అని అడిగారు. నాన్న ఇవ్వనన్నారు. ఆ సంబంధం తప్పిపోయింది, ఆ తర్వాత ఇంకో రెండు కూడా. అక్క పెళ్ళి ఆలస్యమైనందుకు అమ్మ నాన్నతో ఏడాదిపాటు సరిగా మాట్లాడలేదు. "నా తోనే ఆఖరు. ఈ ఇంట్లకెల్లి ఇంకెవ్వలు దిగరు" అనేవారాయన, మంచంమీద కూర్చుని దగ్గుతూ.

హైదరాబాదులో బి.ఏ.కి హాస్టల్లో చేరినప్పుడు గదిలో అమ్మాయిలు మీ నాన్నగారేం చేస్తారని అడిగితే "ఉద్యోగం, కొత్తగూడెం దగ్గర" అన్నాను. అబద్ధం కాదు కదా అని సమాధానపడ్డాను. ఆ తర్వాత పదకొండు నవలలు రాశాను. వాటిలో డాక్టర్లున్నారు, లెక్చరర్లున్నారు, ఎస్టేటు ఓనర్లున్నారు. బొగ్గుమసి ఒక్క పేజీకి కూడా అంటలేదు. ఎవరైనా అడిగితే "నాకు తెలిసిన జీవితమే రాస్తాను" అని ఇంటర్వ్యూల్లో కూడా చెప్పాను.

అదుగో, ఆ 'ట' వెనకాల ఇదంతా ఉంది. కొట్టావిడకి నా తెలుగు తెలియదు, కాబట్టి ఫరవాలేదనుకున్నాను. కాని మావాడికి తెలుసుగా. వాడు నా మొహం వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఆవిడవైపు తిరిగి జర్మనులో ఏదో చెప్పాడు. నేనన్న మాటకంటే చాలా పొడుగ్గా. ఆవిడ బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, రంగులంటిన రెండు చేతుల్తో నా చెయ్యి పట్టుకుని "గ్లూక్ ఔఫ్" అంది. గనిలోకి దిగేవాళ్ళూ, పైకి వచ్చినవాళ్ళూ ఒకరికొకరు చెప్పుకునే మాటట అది. అదృష్టం తెరుచుకోవాలి అన్నట్టు. గనులు పోయినా ఆ కొండల్లో వీధిలో ఎదురైనవాళ్ళు ఇప్పటికీ అదే చెప్పుకుంటారు.

"ఏం చెప్పావురా?" అన్నాను.

"తాతయ్య బాయికి పోయేవాడని చెప్పాను. ఎందుకు, చెప్పకూడదా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. మావాడి లెక్కకి ఒక గనివాడు చాలు. ఇంకో గనివాణ్ణీ, నలుగురు దేవకన్యల్నీ కూడా కట్టమన్నాను. మావాడి గదికి ఒకడు, మిగిలిన అయిదూ నా పెట్టెలోకి. ఇంటి తండ్రికి బొమ్మ పెట్టే ఆచారం లేదని ఆవిడ మొహమాటంగా చెప్పింది. ఫరవాలేదన్నాను. ధర మాత్రం ఇక్కడ రాయను. మావారు ఈ పత్రిక క్రమం తప్పకుండా చదువుతారు.

నాన్న పోయి అయిదేళ్ళయింది. అమ్మ నా దగ్గరే ఉంటోంది. వచ్చిన మర్నాడు పెట్టె విప్పి, దేవకన్యల్ని నలుగుర్నీ హాల్లో కిటికీమీద వరసగా నిలబెట్టి, పక్కన గనివాణ్ణి పెట్టాను. కొవ్వొత్తులు కూడా వెలిగించాను. అమ్మ కుర్చీ దగ్గరకి లాక్కుని చాలాసేపు చూసింది. దేవకన్యల వంక చూడనైనా లేదు. గనివాణ్ణి చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, నాకు అంతుపట్టని ఆ తోలుముక్కను వేలితో తడిమింది.

"ఇది కూసొనెటందుకు. కింద తడి ఉంటది గద" అంది. తర్వాత ముందుకి తిప్పి రెండు చేతుల్లోని రెండు దీపాలనూ పరీక్షగా చూసింది.

"గిట్ల రెండు చేతుల్ల దీపాలు పట్టుకుంటే తట్ట ఎట్ల ఎత్తుతడే? దీపం నెత్తి మీద ఉండాలె. మీ నాయన చూస్తే నవ్వుతుండె" అంది.